మీటరు కూడా సర్క్యూట్‌లో భాగమే: హామ్ జనరల్ గ్రేడ్ పరీక్షకు నా ప్రిపరేషన్

హామ్ రేడియో, అంటే హాబీగా సొంత వైర్‌లెస్ స్టేషన్ నడిపేందుకు రాసే అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్ జనరల్ గ్రేడ్ పరీక్ష ఫలితం వచ్చింది, ఉత్తీర్ణురాలినయ్యాను. ఇక వీయూ2తో మొదలయ్యే కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) కోసం లైసెన్సు దరఖాస్తు ఒక్కటే మిగిలింది. ఈ సంతోషాన్ని పంచుకుంటూనే, నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి ఇదే పరీక్షకు చదువుతున్న తోటి అభ్యర్థుల కోసం ఈ అనుభవం రాస్తున్నాను. సిలబస్ ఏమిటో, పేపరులో రెండు భాగాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు కాబట్టి వాటి జోలికి పోను. నా ప్రిపరేషన్‌ను మలుపు తిప్పిన విషయం ఒక్కటే, అది కొలత పరికరాల అధ్యాయం. అందరూ చివరి వారానికి వదిలేసే ఆ కొద్ది పేజీలనే నేను మొదటికి తెచ్చుకున్నాను. థియరీ భాగం నాకు అర్థమైంది ఆ దారినే.

నోట్సులో ఈ అధ్యాయం ఎలా ఉంటుందో గుర్తు చేసుకోండి. మూవింగ్ కాయిల్ మీటరు, షంట్, మల్టిప్లయర్, వేవ్‌మీటరు, ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు, డమ్మీ లోడ్, ఒక్కోదానికి రెండు మూడు వాక్యాల నిర్వచనం. 1 మిల్లీ ఆంపియర్‌కు పూర్తిగా తిరిగే, 100 ఓమ్‌ల నిరోధం గల మీటరుతో 10 వోల్టులు కొలవాలంటే 9,900 ఓమ్‌ల మల్టిప్లయర్ (మీటరుతో వరుసగా కలిపే రెసిస్టర్) కావాలని, అదే మీటరుతో 1 ఆంపియర్ కొలవాలంటే దాదాపు 0.1 ఓమ్ షంట్ (మీటరుకు సమాంతరంగా కలిపే రెసిస్టర్) కావాలని లెక్క కట్టగలం. "వోల్ట్ మీటరు అంతర్గత నిరోధం ఎక్కువగా ఎందుకు ఉండాలి?" అని అడిగితే మాత్రం చాలామంది ఒక కంఠస్థ వాక్యం రాసి ఊరుకుంటారు. ఆ ప్రశ్నకు నాకు అసలైన సమాధానం దొరికిన చోటు మిర్యాలగూడలోని మా చిన్నాయన మోటార్ వైండింగ్ దుకాణం.

బోరు మోటార్లు, రైసు మిల్లు మోటార్లు వచ్చే దుకాణం అది. సిరీస్ లాంపు, మెగ్గర్, టాంగ్ టెస్టర్, ఒక పాత ముల్లు మీటరు, ఇవే అక్కడి పనిముట్లు. నేను నా డిజిటల్ మీటరు తీసుకెళ్లి, 12 వోల్టుల బ్యాటరీకి 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండింటిని వరుసగా కలిపాను. మధ్య బిందువు వద్ద 6 వోల్టులు రావాలి. డిజిటల్ మీటరు 5.97 చూపింది. అదే బిందువు వద్ద ముల్లు మీటరు, 10 వోల్టుల రేంజిలో, 4.8 దగ్గర ఆగింది. పాత మీటరు పాడైందేమో చూడమని చిన్నాయనను అడిగాను. ఆయన మీటరును ముట్టుకోకుండా రేంజి మాత్రం 50కి తిప్పమన్నాడు. ఈసారి ముల్లు దాదాపు 5.7 చూపింది. బ్యాటరీ, రెసిస్టర్లు, మీటరు అన్నీ అవే, రేంజి మారినందుకే వోల్టేజీ మారింది. "రెండు మీటర్లు కరెక్టే చెప్తున్నయి బిడ్డా. అది పోయి కూసున్నంక అక్కడ ఎంత మిగిలిందో అదే చెప్తది" అన్నాడు చిన్నాయన.

ఇంటికి వచ్చి లెక్క వేశాను. ఆ ముల్లు మీటరు మీద వోల్టుకు 20,000 ఓమ్‌లు అని రాసి ఉంది. అంటే 10 వోల్టుల రేంజిలో దాని నిరోధం 200 కిలో ఓమ్‌లు. అది కింది రెసిస్టర్‌తో సమాంతరంగా చేరితే 100 కిలో ఓమ్‌లు కాస్తా 66.7కు పడిపోతాయి, మధ్య బిందువు వోల్టేజీ సరిగ్గా 4.8 అవుతుంది. 50 వోల్టుల రేంజిలో మీటరు నిరోధం 1 మెగా ఓమ్ కాబట్టి నష్టం తగ్గి రీడింగు 5.7కు చేరుతుంది. డిజిటల్ మీటరు నిరోధం సాధారణంగా 10 మెగా ఓమ్‌లు కనుక అది దాదాపు నిజానికి దగ్గరగా చెప్పింది. ఓమ్ సూత్రం, సమాంతర నిరోధాలు, వోల్టేజీ విభజన, నేను విడివిడిగా చదివిన ఈ మూడూ ఒక్క కొలతలో కలిసి కనిపించాయి. మీటరును సర్క్యూట్ బయట నిలబడి చూసే వస్తువుగా కాక, సర్క్యూట్‌లోకి వచ్చి చేరే మరో భాగంగా చూడటం ఆ రోజు నుంచే మొదలైంది.

ఈ ఒక్క చూపుతో మిగతా అధ్యాయమంతా దానంతట అదే తెరుచుకుంది. అమ్మీటరు నిరోధం ఎందుకు తక్కువగా ఉండాలో వేరే చెప్పనక్కర్లేదు. 13.8 వోల్టుల మీద 20 ఆంపియర్లు లాగే రేడియో సెట్టుకు మధ్యలో 0.05 ఓమ్ చేరినా 1 వోల్టు అక్కడే పోతుంది, ఆ 0.05 ఓమ్ మీటరుదైనా, సన్నటి వైరుదైనా, వదులైన ఫ్యూజు హోల్డరుదైనా ఫలితం ఒక్కటే. ట్యూన్డ్ సర్క్యూట్ ఏ ఫ్రీక్వెన్సీకి స్పందిస్తుందో చూపే డిప్ మీటరు కాయిల్‌ను దానికి మరీ దగ్గరగా పెడితే ఫ్రీక్వెన్సీ జరిగిపోవడమూ ఇదే. తరంగాన్ని తెర మీద చూపే ఆసిలోస్కోప్ ప్రోబ్‌ను 1ఎక్స్‌లో (సంకేతాన్ని తగ్గించకుండా పంపే స్థానంలో) పెట్టి ఆసిలేటరును తాకితే ప్రోబ్, కేబుల్ కెపాసిటెన్సు చేరి ఆసిలేటరు పక్కకు జరుగుతుంది, కొన్నిసార్లు ఆగిపోతుంది. సంకేతాన్ని పదో వంతుకు తగ్గించే 10ఎక్స్‌లో ఆ భారం బాగా తగ్గుతుంది కాబట్టే రేడియో ఫ్రీక్వెన్సీ పనికి 10ఎక్స్ వాడాలి, వాడే ముందు స్కోప్ ఇచ్చే 1 కిలోహెర్ట్జ్ చతురస్ర తరంగంతో ప్రోబ్‌ను సరిచేసుకోవాలి.

ఇక ఏ పరికరం ముందు కొనాలన్న విషయానికి వస్తే, నా అభిప్రాయం గట్టిది. లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటర్ దగ్గర పెట్టుకోకూడదు, కాబట్టి ప్రిపరేషన్ కాలం కొలత పరికరాలు సమకూర్చుకోవడానికి దొరికిన కాలం. సెట్టు బొమ్మలు చూస్తూ డబ్బు దాచుకునే మిత్రులు అందులో కొంత ఇప్పుడే ఒక మంచి డిజిటల్ మల్టీమీటరు మీద పెట్టాలి. కరెంటు రేంజిలకు ఫ్యూజు ఉన్నదే తీసుకోండి, ప్రోబ్ వైర్లు సన్నగా ఉంటే మార్చండి. కొత్త మీటరును కొన్న రోజే తెలిసిన రెసిస్టర్ మీద, కొత్త బ్యాటరీ మీద పరీక్షించి, ప్రోబ్ మొనలు రెండూ తాకించినప్పుడు ఎంత చూపుతుందో రాసి పెట్టుకోండి, ఎందుకంటే చిన్న నిరోధాలు కొలిచేటప్పుడు ఆ అంకెను తీసివేయాల్సి ఉంటుంది. ముల్లు మీటరు ఇంట్లో ఉంటే పారేయవద్దు. ట్యూన్ చేస్తూ రీడింగు ఎక్కడ పెరిగి ఎక్కడ తగ్గుతుందో చూడటానికి గబగబా మారే అంకెల కంటే కదిలే ముల్లే మేలు.

రెండోది డమ్మీ లోడ్, అంటే యాంటెనాకు బదులు తగిలించి ట్రాన్స్‌మిటర్ పవర్‌ను వేడిగా మార్చే నిరోధం, దీన్ని కొనకుండా చేసుకోవాలని నా సలహా. 1 కిలో ఓమ్, 2 వాట్ల మెటల్ ఆక్సైడ్ రెసిస్టర్లు 20 తీసుకుని రెండు రాగి రేకుల మధ్య సమాంతరంగా అతికిస్తే 50 ఓమ్‌లు, 40 వాట్లు అవుతుంది. హైదరాబాద్ వెళ్లే పని ఉన్నప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో ఈ సామాను దొరుకుతుంది. వైర్‌వౌండ్ రెసిస్టర్లు మాత్రం ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు. మల్టీమీటరు మీద అవి కూడా 50 ఓమ్‌లే చూపుతాయి, కానీ చుట్టిన తీగకు ఇండక్టెన్సు ఉంటుంది కాబట్టి రేడియో ఫ్రీక్వెన్సీ వద్ద అవి 50 ఓమ్‌లుగా ఉండవు. లోడ్ మీద ఒక 1ఎన్4148 డయోడ్, చిన్న కెపాసిటర్ చేర్చి డీసీ వోల్టేజీ కొలిస్తే పవర్ మీటరు కూడా సిద్ధమైనట్టే. వచ్చిన శిఖర వోల్టేజీని వర్గం చేసి 100తో భాగిస్తే వాట్లు వస్తాయి. 5 వాట్ల చేతి సెట్టుకు 22 వోల్టులకు కాస్త అటూ ఇటూ రావాలి. శిఖర విలువకు, ఆర్‌ఎంఎస్ విలువకు తేడా అడిగే ప్రశ్న ఎప్పుడు ఎదురైనా నాకు ఈ డబ్బానే గుర్తుకు వస్తుంది.

యాంటెనా వైపు పంపిన శక్తి వెనక్కి ఎంత తిరిగి వస్తోందో ఒక నిష్పత్తిగా చూపే (ఏమీ రాకపోతే 1) ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు గురించి కొంచెం ఎక్కువగా రాయాలి, ఎందుకంటే పుస్తకం చెప్పినంత మాత్రమే తెలిస్తే ఇది మోసపోయే చోటు. మా ఊళ్లో లైసెన్సు ఉన్న ఒక పెద్దాయన తన స్టేషన్‌లో కూర్చోబెట్టి చూపించారు. మేడ మీద 2 మీటర్ల బ్యాండుకు (145 మెగాహెర్ట్జ్ ప్రాంతానికి) పెట్టిన యాంటెనాకు పాత ఆర్‌జి-58 కేబుల్ వెళ్తుంది. కేబుల్ పై కొనను యాంటెనా నుంచి పూర్తిగా విప్పి, కింద తన యాంటెనా ఎనలైజర్‌తో కొలవమన్నారు. యాంటెనాయే లేదు కాబట్టి ఎస్‌డబ్ల్యూఆర్ అనంతం కావాలి, కానీ దాదాపు 3 మాత్రమే వచ్చింది. వెళ్లే సంకేతం కేబుల్‌లో సగం పోతుంది, కొన దగ్గర తిరిగి వచ్చేటప్పుడు మిగిలినదాంట్లో మళ్లీ సగం పోతుంది, అంటే 3 డీబీ చొప్పున రెండుసార్లు. నాలుగో వంతు శక్తి మాత్రమే వెనక్కి వస్తే వోల్టేజీ లెక్కన అది సగం, ఆ లెక్కన ఎస్‌డబ్ల్యూఆర్ సరిగ్గా 3 అవుతుంది. 145 మెగాహెర్ట్జ్ వద్ద ఆర్‌జి-58 సుమారు పదిహేను మీటర్లకే ఇంత నష్టం చేస్తుంది. అందువల్ల సెట్టు దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ చాలా బాగుందని అనిపిస్తే యాంటెనాను మెచ్చుకునే ముందు కేబుల్‌ను అనుమానించాలి. కేబుల్ చివర డమ్మీ లోడ్ పెట్టి, సెట్టు దగ్గర ఎంత పవర్ వెళ్తోందో, చివర ఎంత చేరుతోందో కొలిస్తే సంగతి తేలిపోతుంది.

ఇప్పుడు చాలామంది అడిగేది నానోవీఎన్‌ఏ అనే చిన్న చేతి ఎనలైజర్ గురించి. చదువుకునే వారికి ఇంతకంటే ఉపయోగపడే పరికరం ఈ ధరలో లేదు, ట్రాన్స్‌మిటర్ లేకుండానే యాంటెనాను కొలవనిస్తుంది. అయితే ఓపెన్, షార్ట్, లోడ్ అనే మూడు కొనలతో క్యాలిబ్రేట్ చేయకుండా దాని తెర మీది ఏ గీతనూ నమ్మవద్దు, కేబుల్ మారితే, ఫ్రీక్వెన్సీ హద్దులు మారితే మళ్లీ చేయాలి. ట్రాన్స్‌మిటర్ పవర్ దాని పోర్టులోకి ఎన్నడూ వెళ్లకూడదు. ఎత్తైన యాంటెనాను తగిలించే ముందు దాని మీద పేరుకున్న స్థిర విద్యుత్తును భూమికి వదిలేయాలి, వేసవి గాలిదుమ్ముల రోజుల్లో మన వైపు ఇది మరచిపోరాని జాగ్రత్త. ఆసిలోస్కోప్ ఇవన్నీ అయ్యాక కొనవచ్చు.

పరికరం ఏదైనా తప్పు వెతికే పద్ధతి ఒకటే. ముందు డీసీ, తరువాత డమ్మీ లోడ్, తరువాత కేబుల్, చివరికి యాంటెనా. కేబుల్ మధ్య తీగకు, పై జాలీకి మధ్య కంటిన్యుటీ బజర్ మోగగానే కేబుల్ కొనకు బిగించే పీఎల్-259 కనెక్టరులో షార్ట్ ఉందని తీర్మానించవద్దు. ఫోల్డెడ్ డైపోల్, జె-పోల్ వంటివి డీసీకి షార్ట్‌గానే కనిపిస్తాయి, అది వాటి నిర్మాణం. కాబట్టి యాంటెనాను విప్పి కేబుల్‌ను ఒంటరిగా పరీక్షించాలి. ఇలాగే రిసీవరులో గరగర శబ్దం వస్తుంటే ఇంటి మెయిన్ ఆపి బ్యాటరీ మీద వినండి. శబ్దం ఆగిపోతే కారణం ఇంట్లోని ఎల్‌ఈడీ బల్బులో, చార్జరులో ఉంది. ఆగకపోతే బయట, బత్తాయి తోటల మోటారు స్టార్టర్ల వైపు వెతకాలి.

ఇంత ఖర్చు, ఇంత సమయం ఉద్యోగం రాని పరీక్షకు ఎందుకని మా బంధువుల్లో చాలామంది అడిగారు. వారికి చెప్పిన మాటే ఇక్కడా రాస్తున్నాను. 2004 డిసెంబర్ 26న సునామీ అండమాన్‌ను తాకినప్పుడు, హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ గారి బృందం స్టేషన్ ద్వారా సమాచారం బయటికి చేరింది. అటువంటి చోట కేబుల్ తెగితే మెకానిక్ రాడు, కొలిచి సరిచేసుకోగల ఆపరేటరే ఉండాలి. అందుకే నేను మార్కులకు అవసరమైన దానికంటే ఎక్కువ చదివాను, అది సరైన నిర్ణయమని ఇప్పటికీ గట్టిగా నమ్ముతున్నాను. ఈ చదువుకు క్రమశిక్షణ అంటే లాగ్ రాయడమే. స్టేషన్‌కు లాగ్ ఎలా రాయాలో నిబంధనలు చెబుతాయి, నేను అదే పద్ధతిలో ప్రతి కొలతకూ తేదీ, పరికరం, రేంజి, రీడింగు, లెక్క ప్రకారం రావలసిన విలువ రాశాను. రాని విలువకు కారణం దొరికే దాకా తరువాతి అధ్యాయం తెరవలేదు. పరీక్షకు ముందు నేను తిరగేసినది ఆ పుస్తకాన్నే.

నిబంధనల భాగానికి 1978 నాటి అమెచ్యూర్ రేడియో నియమాలను సవరణలతో సహా మూల పాఠంలోనే చదవండి, గైడు సారాంశాలు చాలవు. మోర్సు నిమిషానికి 8 మాటల వేగం అంటే భయపడేంత కాదు, రోజూ వింటే వస్తుంది, చుక్కలూ గీతలూ లెక్కపెట్టకుండా అక్షరాన్ని ఒక శబ్దంగా పట్టుకోండి.

పరీక్ష హాలులో కొలత పరికరాల ప్రశ్న వస్తే బొమ్మ తప్పకుండా గీయండి. సెట్టు, ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు, లో పాస్ ఫిల్టరు, కేబుల్, లోడ్ ఏ వరుసలో ఉన్నాయో చూపి, మీటరు అంతర్గత నిరోధాన్ని కూడా చుక్కల గీతతో సర్క్యూట్‌లో గీసి దాని విలువ పక్కనే రాయండి. లెక్కలో ప్రతి మెట్టుకూ ఓమ్, వోల్టు, వాట్ అనే ప్రమాణాన్ని వదలకుండా రాస్తే తప్పు ఎక్కడ జరిగినా పేపరు ఇచ్చే ముందే కంటికి కనిపిస్తుంది.