పాత కాగితంలోని 0.9

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని మా కవిటి ప్రాంతంలో ఒక మనిషి నాలుగు రోజులు నీరసంగా కనబడితే ఎవరూ జ్వరం సంగతి అడగరు; పాయింట్లు చూపించుకున్నావా అని అడుగుతారు. పాయింట్లంటే రక్తంలోని క్రియాటినిన్. కండరాల పనిలో పుట్టే ఆ వ్యర్థాన్ని మూత్రపిండాలు వడగట్టి బయటకు పంపాలి, అవి బలహీనపడేకొద్దీ అది రక్తంలో పేరుకుపోతుంది. మగవారిలో డెసిలీటరు రక్తానికి సుమారు 0.7 నుంచి 1.3 మిల్లీగ్రాముల వరకు ఉంటే ఫరవాలేదంటారు. బడి ముఖం చూడని మా అమ్మకు కూడా ఈ లెక్క తెలుసు, ఎందుకంటే మా చిన్నాన్న పాయింట్లు రెండు దగ్గర మొదలై ఎనిమిదికి చేరడం ఆమె కళ్ళముందే జరిగింది. ఆయనకు చక్కెర వ్యాధి లేదు, మొదట్లో రక్తపోటు కూడా లేదు. కొబ్బరితోటలో పనిచేసుకునే మనిషి. సోంపేటలో డయాలిసిస్ వసతి రాకముందు, కంచిలిలోని సోంపేట స్టేషన్‌లో రైలెక్కి విశాఖపట్నం వెళ్ళి, నాలుగేసి గంటలు యంత్రానికి ఒళ్ళప్పగించి, మర్నాటికి ఇంటికి చేరేవాడు. ఉద్దానంలో ఇందరికి ఈ జబ్బు ఎందుకు వస్తున్నదో నీటిని, మట్టిని, ఆహారాన్ని ఎన్నేళ్ళుగా పరిశీలించినా ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు.

ఇది ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, 2023 జులైలో కువైట్‌లో నా చేతికి వచ్చిన రక్తపరీక్ష కాగితంలో క్రియాటినిన్ 238 అని చూసినప్పుడు నాకు మొదట కనిపించింది చిన్నాన్న ముఖమే.

నేను 2016లో పైపు ఫిట్టరుగా కువైట్ వెళ్ళాను. ఫహాహీల్ దగ్గర ఒక గదిలో ఆరుగురం ఉండేవాళ్ళం, అందరం శ్రీకాకుళం జిల్లావాళ్ళమే. జూన్ నుంచి ఆగస్టు చివరి వరకు అక్కడ పగలు పదకొండు నుంచి నాలుగు గంటల వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. అందుచేత మా పని తెల్లవారుజామునే మొదలయ్యేది. అయినా జులైలో పొద్దున ఎనిమిదికే ఇనుము ముట్టుకోలేము. ఆ వారం నాకు నడుము పట్టేసింది. ఊరి నుంచి తెచ్చుకున్న డైక్లోఫినాక్ మాత్రలు రోజుకు మూడు చొప్పున ఆరు రోజులు వేసుకున్నాను. మరుగుదొడ్డి దూరంగా ఉండటంవల్ల, మాటిమాటికీ పని వదిలి వెళ్ళడం బాగుండదని నీళ్ళు తాగడం తగ్గించాను. శరీరంలో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తప్రసారం తగ్గుతుందనీ, ఆ సమయంలో వాటిని కాపాడే సహజమైన ఏర్పాటును ఇలాంటి నొప్పి మాత్రలు అడ్డుకుంటాయనీ నాకు తరువాత వైద్యుడు చెబితే తెలిసింది. ఏడోనాటికి వాంతులు మొదలయ్యాయి. మూత్రం టీ డికాషన్ రంగులో, రోజు మొత్తానికి ఒక గ్లాసు కూడా రాలేదు.

దగ్గరలోని ఒక ప్రైవేటు క్లినిక్‌కు వెళ్ళాను. నేను ఉద్దానం మనిషిననీ, క్రియాటినిన్ ఒక్కటి చూస్తే చాలుననీ చెప్పాను. విడిగా చేయడం కుదరదని, మొత్తం శరీరానికి ప్యాకేజీ ఉందని చెప్పి పద్దెనిమిది దీనార్లు తీసుకున్నారు. మన డబ్బులో అది దాదాపు 4,800 రూపాయలు. అప్పటికి నా జీతం 220 దీనార్లు. ఆ ప్యాకేజీలో థైరాయిడ్, విటమిన్ డి, కొవ్వులు, ఇంకా ఎన్నో ఉన్నాయి. డబ్బు కంటే నన్ను ఇప్పటికీ బాధపెట్టేది వేరే సంగతి. క్రియాటినిన్ ఒక్కటే అయితే యంత్రం మీద గంటలోపు తేలిపోయేది. అన్నీ పూర్తయ్యేదాకా ఆగి మర్నాటి సాయంత్రం కాగితం ఇచ్చారు. ఆ ఒక్క రోజూ నేను గదిలో పడుకుని వాంతులు చేసుకుంటూనే ఉన్నాను.

కాగితంలో 238 అని ఉంది. మా ఊళ్ళో ఎనిమిది, పది అంటే మనిషి డయాలిసిస్ మీద ఉన్నట్టు. 238 అంటే ఏమనుకోవాలో కొంతసేపు అర్థం కాలేదు. గదిలోని ఇచ్ఛాపురం పెద్దాయన, మేమందరం మావయ్యా అని పిలిచేవాళ్ళం, కాగితం చివర చిన్న అక్షరాల్లో ఉన్న కొలతను చూపించి, ఇక్కడి లెక్క మైక్రోమోల్స్‌లో ఉంటుందని, 88.4తో భాగిస్తే మన పాయింట్లు వస్తాయని చెప్పాడు. ఫోనులో భాగించి చూస్తే 2.7 వచ్చింది. దాని కిందే మూత్రపిండాలు వడగట్టే వేగం 30 అని అచ్చయి ఉంది. మూత్రపిండాల జబ్బును దశలుగా చెప్పే పట్టిక ప్రకారం అది మూడో దశ చివర, నాలుగో దశ అంచు. ఆ రాత్రి నేను ఇంటికి ఫోను చేయలేకపోయాను.

మావయ్య నన్ను టాక్సీలో ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్ళాడు. అక్కడ మళ్ళీ రక్తం తీసి చూస్తే 274 ఉంది, అంటే మన లెక్కలో 3.1. సెలైన్ ఎక్కించారు, నొప్పి మాత్రలన్నీ ఆపించారు, కడుపు స్కానింగ్ చేశారు. నన్ను చూసిన మలయాళీ వైద్యుడు హిందీలో నెమ్మదిగా, నేను అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాడు. ఆ అంకె 30 అన్నది క్రియాటినిన్ నిలకడగా ఉన్నవారికి మాత్రమే వర్తించే లెక్క అనీ, రోజురోజుకూ మారుతున్నవారికి అది పనికిరాదనీ చెప్పాడు. స్కానింగ్‌లో రెండు మూత్రపిండాలూ పదిన్నర సెంటీమీటర్ల దగ్గర ఉన్నాయి. ఏళ్ళ తరబడి దెబ్బతిన్నవైతే చాలావరకు కుంచించుకుపోతాయట. అది కొంత ధైర్యాన్నిచ్చింది. తరువాత ఆయన అడిగిన ప్రశ్నకే నా దగ్గర జవాబు లేదు: ఇంతకుముందు ఎప్పుడైనా నీ క్రియాటినిన్ ఎంత ఉండేది?

నాకు ఏడేళ్ళలో ఒక్కసారి కూడా పరీక్ష చేయించుకున్న గుర్తు లేదు. ఆ ఊళ్ళో పుట్టి, చిన్నాన్నను చూసి కూడా చేయించుకోలేదు. ఎందుకని ఇప్పుడు నన్ను నేను అడిగితే, భయమే కారణమని చెప్పాలి. ఎక్కువని తేలితే ఉద్యోగం పోతుందేమో, అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, పొడిగించరేమో అన్న భయం మా గదిలో అందరికీ ఉండేది. తెలియకపోతే లేనట్టే అనుకుని ఏళ్ళు గడిపేశాం.

మర్నాడు ఉదయం నా భార్యకు ఫోను చేసి జరిగింది చెప్పాను. ఆమె ఏడవలేదు. "మీరు కువైట్ వెళ్ళేముందు హైదరాబాదులో గామ్కా మెడికల్ చేయించుకున్నారు కదండీ, ఆ కాగితాల్లో ఉండదేటి?" అని అడిగింది. గల్ఫ్ వీసా కోసం చేసే ఆ పరీక్షలో ఎక్స్‌రే, హెచ్.ఐ.వి., కామెర్ల పరీక్షలతో పాటు క్రియాటినిన్‌కు కూడా ఒక గడి ఉంటుందన్న సంగతి నేను పూర్తిగా మరిచిపోయాను. అరగంటలో ఆమె ఇనప్పెట్టె అడుగున ఉన్న భూమి పత్రాల కింద నుంచి ఆ కాగితం తీసి ఫోటో పంపింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా కొబ్బరిచెట్లు సగానికి పైగా పడిపోయి, ఇంట్లోకి నీరు వచ్చినప్పుడు అమ్మ ఆ పెట్టెను అటక మీదికి ఎక్కించబట్టి ఆ కాగితం మిగిలింది. అందులో 0.9 అని ఉంది.

ఆ ఫోటో చూసి వైద్యుడు చాలాసేపు మాట్లాడాడు. పాతది 0.9, ఇప్పుడు 3.1, మూత్రపిండాల పరిమాణం మామూలుగా ఉంది, నొప్పి మాత్రల చరిత్ర ఉంది; కనుక ఇది హఠాత్తుగా తగిలిన దెబ్బే అయివుండవచ్చు, దీర్ఘకాలిక వ్యాధి అని ఇప్పుడే అనుకోవద్దు అన్నాడు. అయితే ఏదీ ఒక్క కాగితంతో తేలదని, మూడు నెలలు దాటినా తగ్గకపోతేనే దాన్ని దీర్ఘకాలిక వ్యాధి అంటారని, అంతవరకు వరుసగా పరీక్షలు చేయించుకుంటూ ఆ అంకె ఎటు వెళుతున్నదో చూడాలని చెప్పాడు. రెండు రోజుల సెలైన్ తరువాత 212కు దిగింది. మూత్రం ధారగా వచ్చిన ఆ తెల్లవారుజామున నేను ఆసుపత్రి నడవాలో నిలబడి ఏడ్చాను.

ఇంటికి పంపేటప్పుడు వైద్యుడు రాసిచ్చినది చాలా చిన్న జాబితా. ప్రతిసారీ క్రియాటినిన్, మొదటి రెండుసార్లు పొటాషియం, మూడు నెలలు గడిచాక ఒకసారి మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీను నిష్పత్తి. అంతకుమించి ఏమీ అక్కరలేదు. ఆ కాగితం నాకు మందులకంటే ఎక్కువ మేలు చేసింది. పద్దెనిమిది దీనార్ల చొప్పున నాలుగుసార్లు కట్టవలసి వస్తే నేను రెండోసారికే మానేసేవాడిని, ఈ మాట నిజం. ఇంటి దగ్గర పిల్లల ఫీజులు కట్టే నెల అది. పరీక్ష ధర అంటే ఒక్కసారి కట్టే ధర కాదని, చివరిదాకా ఎన్నిసార్లు కట్టగలమన్నదే అసలు లెక్క అని అప్పుడు అర్థమైంది.

మా ప్రాంతపు ప్రభుత్వ క్లినిక్, అక్కడ ముస్తౌసఫ్ అంటారు, మాలాంటివారికి 2017 అక్టోబరు నుంచి రెండు దీనార్ల రుసుము తీసుకునేది. బతాకా, అంటే అక్కడి గుర్తింపు కార్డు, చూపించి చీటీ తీసుకోవాలి. మందులకు 2022 డిసెంబరు నుంచి మరో ఐదు దీనార్లు పెట్టారు, కాని నాకు మందులు అవసరం లేదు. ఇబ్బంది ఏమిటంటే అది తెరిచివుండే వేళల్లో నేను పనిలో ఉండేవాణ్ణి, ఒక్కరోజు సెలవు పెడితే పోయే జీతం రుసుముకంటే ఎక్కువ. చివరికి మావయ్యే ఫహాహీల్‌లో ఒక చిన్న ల్యాబు చూపించాడు. అక్కడ గోడమీద ఒక్కొక్క పరీక్షకు ధర విడిగా రాసి ఉంది. క్రియాటినిన్ రెండున్నర దీనార్లు. వైద్యుడి కాగితం చూపిస్తే మరేదీ చేయించుకోమని వాళ్ళు బలవంతపెట్టలేదు, రాత్రి తొమ్మిదింటికి కూడా రక్తం తీసుకున్నారు.

వారం తరువాత 168 వచ్చింది. మూడు వారాలకు 124. నేను ప్రతిసారీ అదే ల్యాబుకు, అదే వేళకు, ముందురోజు మాంసం తినకుండా వెళ్ళేవాణ్ణి, ఎందుకంటే వండిన మాంసం ఎక్కువగా తింటే కొన్ని గంటలపాటు క్రియాటినిన్ పెరిగి కనబడుతుందని వైద్యుడు హెచ్చరించాడు. శుక్రవారం గదిలో కోడికూర వండితే శనివారం నాకు పరీక్ష ఉందని గుర్తుపెట్టుకుని పప్పు వేరుగా వండిపెట్టినవాడు మావయ్య. అక్టోబరు మధ్యలో చేయించిన పరీక్షలో 98 వచ్చింది, అంటే మన లెక్కలో 1.1. ఆల్బుమిన్ నిష్పత్తి కూడా హద్దు అయిన ముప్ఫైకి చాలా దిగువన ఉంది. ఆ రాత్రి అమ్మకు ఫోను చేశాను.

"ఏటిరా బాబూ, ఎంతొచ్చింది?"

"ఒకటీ పాయింటు ఒకటి అమ్మా."

"మళ్ళా చేయించు," అంది అమ్మ. ఆమె నమ్మలేదు, చిన్నాన్న విషయంలోనూ మొదట అందరూ తగ్గుతుందనే చెప్పారు.

2024 సంక్రాంతికి సెలవు మీద వచ్చినప్పుడు ఆమె కోసం మళ్ళీ చేయించాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే చేశారు, 1.2 వచ్చింది. అమ్మ ముఖం మాడిపోయింది. అదే రోజు సోంపేటలో ఒక ప్రైవేటు ల్యాబులో 150 రూపాయలిచ్చి చేయిస్తే 1.0 వచ్చింది. ఈ తేడా చూసి మా ఊళ్ళో చాలామంది హడలిపోతారు, ఒక ల్యాబును తిట్టి మరొక ల్యాబుకు పరుగెత్తుతారు. క్రియాటినిన్‌ను కొలిచే పద్ధతులు రెండున్నాయి. పాతదైన జాఫే పద్ధతిలో రక్తంలోని వేరే పదార్థాలు కూడా కలిసి అంకె కొద్దిగా ఎక్కువ రావచ్చు, ఎంజైము పద్ధతిలో ఆ చిక్కు తక్కువ. అందుకే ఒక చోటి అంకెను ఆ చోటి పాత అంకెతోనే పోల్చాలి. ఈ విషయం అమ్మకు చెప్పడానికి మా ఊరి కిరాణా తక్కెడనూ, సంతలోని తక్కెడనూ ఉదాహరణ చెప్పవలసి వచ్చింది.

అప్పటికి పలాసలో 200 పడకల మూత్రపిండాల ఆసుపత్రి ప్రారంభమై నెల రోజులైంది. హిరమండలం నుంచి తాగునీరు గొట్టాల్లో వస్తున్నది. చిన్నాన్న ఉండివుంటే విశాఖపట్నం రైలు ఎక్కే పని లేకపోయేది. ఇక్కడున్నవారికి పరీక్ష ఇప్పుడు దగ్గరగానే ఉంది. ఈ నేల నుంచి వెళ్ళి ఎండదేశాల్లో పనిచేస్తున్న కుర్రాళ్ళ సంగతే నన్ను కలతపెడుతున్నది. ఇక్కడ అందరికంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండవలసినవారు అక్కడ అందరికంటే ఎక్కువగా చెమటోడుస్తూ, నడుమునొప్పికి మాత్రలు మింగుతూ ఉన్నారు. మా గదిలో మిగిలిన ఐదుగురిలో నలుగురు ఆ రెండున్నర దీనార్ల ల్యాబుకు నాతో వచ్చారు. అందరివీ మామూలుగానే వచ్చాయి, ఒక్కరికి తప్ప, ఆయనకు 1.6 వచ్చింది, ఆ సెలవులోనే ఇంటికి వచ్చి చికిత్సలో ఉన్నాడు.

నేను నడుమునొప్పికి ఇప్పుడు కాపడం పెట్టుకుంటున్నాను, తప్పనిసరైతే పారాసెటమాల్ వేసుకుంటున్నాను. పనిలో నా పక్కన రెండు లీటర్ల సీసా ఉంటుంది. ఆరు నెలలకొకసారి పరీక్ష చేయించి, అంకెను రెండు లెక్కల్లోనూ ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాను.

ఈసారి సెలవులో పక్కింటి కుర్రాడు ఖతార్ వెళ్తున్నానని చెప్పడానికి వచ్చాడు. అమ్మ అతని మెడికల్ కాగితం తెమ్మని పట్టుబట్టింది. తెచ్చాక, క్రియాటినిన్ ఉన్న గడిని వెతికి, ఆ అంకె కింద నేను నీలం సిరాతో గీత గీసి ఇచ్చాను.