కళ్లు మూసుకుంటే తూలేదాన్ని

పడింది ఒక్కసారే. రాత్రి బాత్‌రూమ్‌కని లేచి, లైటు వేయకుండా నాలుగడుగులు వేశాను. గడప కాలికి తెలియలేదు. మోచెయ్యి కమిలింది, ఎముకలకేమీ కాలేదు. అప్పటికి నాకు 71 ఏళ్లు.

దెబ్బ రెండు వారాల్లో మానింది. భయమే ఎనిమిది నెలలు వదల్లేదు. గోడ పట్టుకుని నడవడం, మెట్ల జోలికి పోకపోవడం, ఆఖరికి మంచినీళ్లు కూడా అడిగి తెప్పించుకోవడం. "నువ్వు కూర్చోమ్మా" అని పిల్లలంటే హాయిగానే ఉండేది. కూర్చుని కూర్చుని తొడల్లో బలం పోయింది. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆన్చాల్సి వచ్చేది.

ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే వెనక్కి తూలేదాన్ని. ఒక చేత్తో సింకు అంచు పట్టుకుని, రెండో చేత్తో కడుక్కునేదాన్ని. బీపీ అనుకున్నాను.

డాక్టరు ఆ మాట వినగానే చెప్పులు విప్పమన్నారు. కళ్లు మూయించి, సన్నటి నైలాన్ పోగు అరికాలికి ఆనించి నొక్కుతూ, "తెలిసినప్పుడల్లా చెప్పండి" అన్నారు. ఎప్పుడు మొదలుపెడతారా అని నేను ఎదురుచూస్తున్నాను. అప్పటికే నాలుగు చోట్ల నొక్కేశారట!

పద్దెనిమిదేళ్ల షుగరు కాళ్ల నరాలను తినేసింది. మనిషి తూలకుండా నిలబడాలంటే కళ్లు, లోపలి చెవి, పాదాల స్పర్శ మూడూ కబురందించాలట. పాదాలు మానేసిన పని నా కళ్లు చేస్తున్నాయి. చీకటి పడినా, కళ్లు మూసినా ఇక ఆధారం లేదు. ఆ కళ్లకేమో శుక్లాలు. పైగా బైఫోకల్ అద్దాలు: మెట్లు దిగేటప్పుడు చదువుకునే భాగంలోంచే కిందికి చూస్తాం, మెట్టు అంచు అలుక్కుపోతుంది.

శుక్లాలు తీయించుకున్నాను. నడకకి వేరే కళ్లజోడు చేయించాను. షుగరుకి వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ల తరబడి వాడితే, నరాలకి కావలసిన బీ12 విటమిన్ తగ్గొచ్చట. నాకూ తగ్గింది, ఇంజెక్షన్లు ఇచ్చారు.

ఫిజియోథెరపీ అమ్మాయి మొదటిరోజే స్టాప్‌వాచ్ తీసింది. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, ఆపైన పడితే జాగ్రత్తపడాలి. నాకు 19 పట్టింది. పరీక్ష తప్పినంత సిగ్గేసింది. చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం, గట్టు పక్కన ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్లు తగిలించి నిలబడడం... రోజూ చేయించింది. మొదటి వారం ఏడుపొచ్చింది, ఆమె మీద కోపమూ వచ్చింది.

మొన్న 11 సెకన్లు. స్పర్శ తిరిగి రాలేదు, వస్తుందని ఎవరూ అనలేదు కూడా. లైటు వేయకుండా మంచం దిగను. ముఖం కడుక్కునేటప్పుడు సింకు అంచు మీద వేలు ఉంటుంది, ఒక్కటే.