"దయ కదా మేడమ్!": ఆ ఒక్క మాట నన్ను ఇంకో రెండేళ్లు చదివించింది

గ్రూప్-1 ఫైనల్ లిస్ట్‌లో నా పేరు వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే మెసేజ్‌లు, "అన్నా, ఏ బుక్స్ చదివావ్, రోజుకి ఎన్ని గంటలు?" అని. బుక్స్ మీ టేబుల్ మీద ఉన్నవే. అందుకే అవి వదిలేసి, పోయినసారి ఉద్యోగం ఎలా పోగొట్టుకున్నానో చెప్తా.

గ్రూప్-1 ఇంటర్వ్యూ. బోర్డులో ఒక మేడమ్ అడిగారు: "రాష్ట్రపతి క్షమాభిక్ష తన ఇష్టప్రకారం పెట్టొచ్చా?" రాజ్యాంగంలో ఈ క్షమాభిక్ష అధికారం ఇచ్చే ఆర్టికల్ 72 గుర్తురాగానే నాకు పూనకం వచ్చింది. పార్డన్, కమ్యుటేషన్, రెమిషన్, రెస్పైట్, రిప్రీవ్ అని అందులోని ఐదు రకాలూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పా. "నేనడిగింది అది కాదు బాబూ" అన్నారావిడ. "దయ కదా మేడమ్, ఆయన ఇష్టమే" అన్నా. పక్కనున్న సారు పెన్నుకి మూత పెట్టేశారు. ఆ టక్కుమన్న చప్పుడు ఇప్పటికీ చెవిలోనే ఉంది.

ఒంగోలు తిరిగొచ్చి నెల రోజులు పుస్తకం ముట్టలేదు. ఒక రాత్రి అన్నాల దగ్గర నాన్న (ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు) అడిగారు: "ఏందిరా, ఆ చిలకలూరిపేట బస్సు తగలబెట్టినోళ్లకి ఉరి పడింది గదా, ఆపిందెవురు?" 1993 మార్చిలో 23 మంది కాలిపోయిన కేసది. ఆ రోజుల్లో నాన్న నైట్ సర్వీసులు తిప్పేవారు. నా దగ్గర జవాబు లేదు. పాలిటీ మూడుసార్లు రివిజన్ చేసినోణ్ణి!

తెల్లారి జిల్లా గ్రంథాలయంలో కూర్చున్నా. అప్పటి రాష్ట్రపతి శంకర్‌దయాళ్ శర్మ ఆ దోషుల క్షమాభిక్ష పిటిషన్ తోసిపుచ్చారు. 1997 మార్చిలో ఉరికి కొన్ని గంటల ముందు సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 1998లో తర్వాతి రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఉరిని యావజ్జీవంగా మార్చారు. "అంటే వదిలెయ్యలా?" అన్నారు నాన్న. లేదు, నేరం అట్లాగే ఉంటుంది, శిక్ష రకం మారుతుంది. కమ్యుటేషన్ నాకు అర్థమైంది ఆ రోజే.

ఒకే కేసులో ఒక రాష్ట్రపతి కాదన్నారు, ఇంకొకరు సరేనన్నారు. మరి ఇష్టమేగా అనిపిస్తుంది. కానీ మధ్యలో ఢిల్లీలో ప్రభుత్వం కూడా మారింది. అదెందుకు ముఖ్యమంటే, 1980లో మారూరాం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: ఈ అధికారం మంత్రిమండలి సలహా మీదే. ఆ సలహా నచ్చకపోతే రాష్ట్రపతి ఆర్టికల్ 74(1) కింద ఒకసారి వెనక్కి పంపొచ్చు, అదీ రాజ్యాంగ 44వ సవరణ పుణ్యమే. మళ్లీ అదే సలహా వస్తే ఒప్పుకోవాలి. కాకపోతే ఇన్ని రోజుల్లో తేల్చాలని ఆర్టికల్ 72లో గడువు లేదు కాబట్టి ఫైళ్లు ఏళ్లకేళ్లు పడుండేవి. ఆ జాప్యాన్నే ముఖ్య కారణంగా తీసుకుని 2014లో శత్రుఘ్న చౌహాన్ కేసులో కోర్టు 15 మంది ఉరిని యావజ్జీవం చేసింది. ఇలా ఒక కేసు తోక పట్టుకుంటే ఇంకోటి వస్తుంది, బట్టీతో రాదు.

ఇందిరా గాంధీ హత్య కేసు దోషి కేహార్ సింగ్ కేసు (రాష్ట్రపతి సాక్ష్యాల్ని మళ్లీ చూడొచ్చు, కానీ పిటిషనర్‌కి స్వయంగా వినిపించుకునే హక్కు లేదు) మీకు తెలిసిందే. ఏపూరు సుధాకర్ కేసు మాత్రం వదలొద్దు, మన రాష్ట్రానిదే. గవర్నర్ ఆర్టికల్ 161 (రాష్ట్రాల్లో గవర్నర్ క్షమాభిక్ష అధికారం) కింద ఇచ్చిన రెమిషన్‌ని, అంటే శిక్ష తగ్గింపుని, 2006లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కులం, మతం, పార్టీ విధేయత చూసి దయ చూపడం కుదరదంది. ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 472 క్షమాభిక్ష నిర్ణయాన్ని కోర్టులు విచారించకూడదంటోంది. మామూలు చట్టం న్యాయసమీక్షకి (ప్రభుత్వ నిర్ణయాల్ని కోర్టులు పరిశీలించే అధికారానికి) అడ్డం పడగలదా? రెండు వైపులా రాసి చూసుకోండి.

"వాడికి లక్కు కలిసొచ్చిందిలే" అన్నవాళ్లున్నారు. అనుకోనీండి. రెండేళ్లు పొద్దున నాలుగింటికి లేచా, పెళ్లిళ్లకి కూడా పోలా, ఫోన్ అమ్మ బీరువాలో ఉండేది. మీరు రీల్స్ చూసుకుంటా పేపర్ టఫ్ అంటే ఎవరేం చేస్తారు?

ఈసారి ఇంటర్వ్యూకి ఆర్టికల్ 72 మీద నలభై పేజీల నోట్స్‌తో పోయా. ఒక్కరూ అడగలేదు. "ప్రకాశం జిల్లానా? చీమకుర్తి గ్రానైట్ గురించి చెప్పండి" అన్నారు.