గోడ ఆరేదాకా ఆగిన వంటగది

మా వంటగదిని మార్చడం ఇది రెండోసారి అన్న సంగతి, పని మొదలైన నాలుగో రోజున గానీ నాకు అర్థం కాలేదు. ఉలి దెబ్బకు తెల్లటి టైల్స్ ఊడిపడ్డాయి. వాటి వెనక సిమెంటు పూత, ఆ పూత వెనక తాతగారి నాటి సున్నపు గోడ. అరచెయ్యి ఆనిస్తే చల్లగా, తడిగా తగిలింది. పైన వాన లేదు, దగ్గర్లో నీటి గొట్టం లేదు. అయినా గోడ తడిసే ఉంది.

ఆ ఇంటికి రాయి దగ్గరి కొండలోంచి వచ్చింది. దూలాలకు కలప, అతుకు సున్నం కూడా అక్కడివే. మోచేతి పొడవున్న మందపాటి గోడలు, ఎత్తయిన కిటికీ, నేలకు నాపరాళ్లు. నలభై ఏళ్ల కిందట వంటగదిని మాత్రం అప్పటి పద్ధతికి మార్చారు. గోడలకు నడుము ఎత్తున టైల్స్, ఆపైన ఆయిల్ పెయింట్, దూలాలు కనబడకుండా ప్లైవుడ్ కప్పు, గోడకు బిగించిన అరలు వచ్చాయి. మాకు పాతబడినట్టు కనిపించినదంతా ఆ నలభై ఏళ్ల సామగ్రే. దాని కింద ఉన్న ఇల్లు ఏమాత్రం పాతబడలేదని టైల్స్ ఊడాక తెలిసింది.

మొదట వేయించిన నమూనా అందంగానే ఉంది. అయితే ఆ బొమ్మను ఏ ఊళ్లో, ఏ ఇంట్లో పెట్టినా ఒదిగిపోతుంది. కిటికీ సగానికి మూసి అరలు పెట్టాలని, రాతినేల మీద కొత్త టైల్స్ పరచాలని అందులో ఉంది. అమ్మ దాన్ని చూసి, "కిటికీ మూస్తే నేను ఆ గదిలో నిలబడలేను" అంది. ఆ ఒక్క మాటతో నమూనా పక్కన పెట్టేశాం.

పెద్ద మేస్త్రిగారు గోడకు అడుగు పొడవున్న ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగువైపులా అంటించి రెండు రోజులు వదిలేశారు. తీసి చూస్తే గోడవైపు నీటిచుక్కలు పట్టాయి. తేమ గదిలోది కాదని, గోడలోంచే వస్తోందని అప్పుడు తేలింది. రాయి, సున్నం కలిసిన గోడ నేలలోని తేమను కొంత పైకి పీల్చుకుంటుంది. పూత సున్నంతో చేసినదైతే ఆ తేమ దానిగుండా ఆవిరై పోతుంది. సిమెంటు పూత ఆ దారి మూసేసింది. పోవడానికి దారిలేని నీరు ఇంకా పైకి ఎక్కి కిటికీ చట్రం దాకా చేరింది. నేటి సిమెంటుకు మూలమైన పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు దొరికింది 1824లో. అంతకు ముందువాళ్లు సున్నంతో కట్టింది వేరే గతిలేక అనుకునేదాన్ని. ఈ గోడ ఎదుట నిలబడ్డాక ఆ ఆలోచనే తప్పనిపించింది.

"అమ్మా, దీనిమీద ఇప్పుడు ఏం పూసినా నిలవదు. ముందు ఆరనివ్వండి" అన్నారు మేస్త్రిగారు. ఎన్నాళ్లని అడిగితే, వేసవి అంతా అన్నారు. మూడు నెలలు వసారాలో వంట చేసుకున్నాం. ఈ పనిలో అన్నిటికన్నా కష్టం అదే. సిమెంటు పూసేస్తే వారంలో అయిపోతుందని చెప్పినవాళ్లు చాలామంది. నేను కూడా రెండుసార్లు ఊగిసలాడాను.

గోడ ఆరాక ఒక వంతు సున్నానికి మూడు వంతుల ఇసుక కలిపి, పొరకు ఒక సెంటీమీటరు మించకుండా పూశారు. సున్నపు పూత గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ మెల్లగా మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. ఈలోగా త్వరగా ఆరితే బీటలిస్తుంది. అందుకే తడి గోనెపట్టాలు వేలాడదీసి, పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లే పని నేను తీసుకున్నాను. కొత్త అరలను గోడకు ఆనించలేదు. వెనక అయిదు సెంటీమీటర్లు గాలికి వదిలి, కాళ్ల మీద నిలబెట్టాం.

వంటగట్టు ఎత్తు దగ్గర మాత్రం పాతదాన్ని దేనినీ ఉంచలేదు. అమ్మ ఏళ్ల తరబడి నడుము వంచి పనిచేసింది. ఆమెను నిటారుగా నిలబెట్టి, మోచెయ్యి మడిపించి కొలిస్తే నేలనుంచి 98 సెంటీమీటర్లు. తరిగే చోటు మోచేతికి 10 నుంచి 15 సెంటీమీటర్లు కిందుగా ఉంటే భుజాలు నొప్పి పెట్టవు కాబట్టి గట్టును 86 దగ్గర ఆపాం. పొయ్యి ఉన్న భాగాన్ని మరికాస్త దించాం, గిన్నె ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది కదా! సింకు పాత కాలువ వైపే ఉంచడంతో మురుగు గొట్టానికి మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలు తేలిగ్గా కుదిరింది. వైర్ల కోసం రాతిగోడను చెక్కనివ్వలేదు. దూలాల అంచున గొట్టాల్లో నడిపించి, విద్యుత్తు 30 మిల్లీ ఆంపియర్లు పక్కకు కారినా సరఫరా ఆపేసే బ్రేకరు పెట్టించాం. ప్లైవుడ్ కప్పు తీసేస్తే పొగకు నల్లబడ్డ దూలాలు బయటపడ్డాయి. ఒకదాని కొస పుచ్చిపోయింది. వడ్రంగి దూలమంతా మార్చకుండా ఆ కొసవరకే కొత్త కలప అతికాడు.

నేల దగ్గర దెబ్బ తగిలింది. సిమెంటు మరకలు పోవాలని పనివాళ్లలో ఒకరు నాపరాళ్ల మీద యాసిడ్ పోశారు. నాపరాయి కూడా సున్నపురాయి జాతిదే. బుసబుసమని నురగ వచ్చి మూడు రాళ్ల నునుపు పోయింది. ఆ సాయంత్రం నాకు ఏడుపొచ్చింది. పాత గట్టు కింద కూడా కొన్ని రాళ్లు లేవు. అలాంటి రాయి కొత్తగా దొరికినా, తొంభై ఏళ్ల అడుగుల నునుపు దానికి ఎక్కడిది? చివరికి మేస్త్రిగారే దారి చూపారు. కొత్త అరల కిందికి పోయే చోట ఉన్న పాత రాళ్లను జాగ్రత్తగా పెకలించి కనబడేచోట అమర్చారు. అరల కింద కొత్తవి పరిచారు. యాసిడ్ తిన్న మూడు రాళ్లలో రెండింటిని కూడా అలాగే మార్చాం. మూడోది కిటికీ కింద ఇంకా మసకగానే ఉంది. దాన్ని కదిపితే పక్కరాళ్లు విరుగుతాయట, అందుకే వదిలేశాం.

గోడలకు మొదటి వెల్ల మాత్రం వేశాం. రెండోది వానలు తగ్గాక వేస్తామన్నారు మేస్త్రిగారు. కిటికీ రెక్కలు పూర్తిగా తెరుచుకుంటున్నాయి.