ఎవరికీ స్కోరు పట్టని మ్యాచ్

అరిజోనాలో ఒక బేస్‌బాల్ ఆట. నాలుగో ఇన్నింగ్స్‌లో ఒక కుర్రాడు కొట్టిన బంతి లెఫ్ట్ ఫీల్డ్ గోడ దాటి అవతల గడ్డి గట్టు మీద పడింది. హోమ్‌రన్, మన సిక్సర్ లాంటిది. ఉన్న కొద్దిపాటి జనం చప్పట్లు కొట్టారు, నేనూ లేచి నిలబడి కొట్టాను. హోమ్‌ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక వరుసల్లో కూర్చున్న స్కౌట్లు, అంటే క్లబ్బుల తరఫున కుర్రాళ్లని అంచనా వేసేవాళ్లు, మాత్రం ఉలకలేదు, పలకలేదు. ఒకాయన పొద్దుతిరుగుడు గింజల పొట్టు కాగితం కప్పులోకి ఊశాడు. ఇంకొకాయన ఫోన్‌లో ఏదో టైపు చేసుకున్నాడు. స్కోరుబోర్డు వైపు చూసినవాడు ఒక్కడూ లేడు. పోనీ ఆటంటే ఇష్టం లేని మనుషులా అంటే, వాళ్లకి జీతం ఇచ్చేదే ఆట చూసినందుకు.

నేను అరిజోనా వచ్చింది దీనికోసం కాదు. మా బావమరిది చాండ్లర్‌లో ఇల్లు కొన్నాడు, గృహప్రవేశం. ముహూర్తం వారం మధ్యలో కుదిరింది కాబట్టి ఇద్దరం సెలవు పెట్టి, పిల్లాడికి బడి మానిపించి టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి దిగాం. ఎయిర్‌పోర్టులో రెంటల్ కారు తీసుకుంటే అద్దె ఒక ఎత్తు, దాని కింద వరసగా వచ్చే పన్నులూ ఫీజులూ ఇంకో ఎత్తు. ఆన్‌లైన్లో రేటు చూసి సంతోషించడం, కౌంటర్ దగ్గర బిల్లు చూసి నోరు మూసుకోవడం అలవాటైపోయింది. వ్రతం అయింది, భోజనాలు అయ్యాయి. మర్నాడు శుక్రవారం, ఇంట్లో అందరూ కర్టెన్ల రంగు గురించి చర్చ మొదలుపెట్టగానే తాళాలు తీసుకున్నాను.

"బేస్‌బాల్ చూడ్డానికా? మన ఇంటి దగ్గరే స్టేడియం ఉందిగా, ఇక్కడికొచ్చి కూడానా?" అంది మా ఆవిడ.

ఉంది, నిజమే. ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ టెక్సస్ రేంజర్స్ వాళ్ల డబుల్-ఏ జట్టు, అంటే అన్నిటికన్నా పైనున్న మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద. అక్కడ మనవాళ్లు చాలామంది ఆ స్టేడియానికి పిల్లల్ని తీసుకెళ్లేది, అవుట్‌ఫీల్డ్ వెనకున్న నీళ్లలో ట్యూబుల మీద తేలించడానికి. నేను వెళ్లేది మావాడి వల్ల. వాడికి పదకొండేళ్లు, ట్రావెల్ బాల్ (ఊళ్లు తిరిగి ఆడే పిల్లల బేస్‌బాల్) ఆడతాడు. ఆ ఫీజులు, బ్యాట్లు, హోటళ్లు, ప్రైవేట్ కోచింగు కలిపి లెక్కేస్తే ఇంజినీరింగ్ సీటు గుర్తొస్తుంది, అందుకే లెక్కేయను. ఇంత పోస్తున్నప్పుడు అసలు పైకి వెళ్లేవాడు ఎలా ఉంటాడో ఒకసారి చూద్దామనిపించింది. వాణ్ని రమ్మంటే రానన్నాడు. ట్రాంపోలిన్ పార్కు గెలిచింది.

చూడ్డానికి అరిజోనా ఫాల్ లీగ్‌కి మించిన చోటు లేదు. 1992 నుంచి, 2020లో తప్ప, ప్రతి ఏడూ శరదృతువులో ఫీనిక్స్ చుట్టుపక్కల జరుగుతోంది. ఆరు జట్లు. మేజర్ లీగ్ క్లబ్బులు 30, ఒక్కొక్కటీ తన దగ్గరున్న మంచి కుర్రాళ్లని కొందరిని పంపుతుంది. నేను ఎంచుకున్నది సర్‌ప్రైజ్ అనే ఊరి జట్టు, సగ్వారోస్, ఎందుకంటే రేంజర్స్ స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్‌కి ముందు చేసే సాధన) ఆ ఊళ్లోనే. చాండ్లర్ నుంచి 202 హైవే, తర్వాత 10, తర్వాత 303, బెల్ రోడ్. అటు చివర నుంచి ఇటు చివరికి ఊరంతా దాటాలి. గంట దాటింది. పార్కింగ్ ఉచితం, అదొక్కటే మంచి వార్త. లోపల నిమ్మరసం గ్లాసు ధర చెప్పను, మా అమ్మ ఇది చదువుతుంది. అక్టోబర్ అన్న పేరే గానీ మధ్యాహ్నం ఎండ మన ఏప్రిల్ ఎండే.

మైదానంలో కనిపించిన మొదటి వింత చొక్కాలు. టోపీలు అందరివీ ఒకటే, చొక్కాలు మాత్రం ఎవరి క్లబ్బువి వాళ్లవి. మొన్నటిదాకా ప్రత్యర్థులుగా ఆడినవాళ్లు, రేపు ప్రత్యర్థులుగా ఆడబోయేవాళ్లు పక్కపక్కన నిలబడి ఉన్నారు. అందుకే గెలుపు ఎవరికీ పట్టదు కాబోలు.

హోమ్‌రన్ తర్వాత నేను తెల్లమొహం వేసుకుని కూర్చుంటే పక్క సీటులో పెద్దావిడ నవ్వింది. ఎనభై దగ్గర వయసు, వెడల్పాటి గడ్డి టోపీ, మెడలో తాడుకి స్టాప్‌వాచ్, ఒళ్లో స్పైరల్ పుస్తకం. స్కౌటేమో అనుకున్నాను. కాదట. ఇల్లినాయిలో పోస్టాఫీసులో చేసి రిటైరై, పక్కనే సన్ సిటీ వెస్ట్‌లో ఉంటుందట. సీజన్ మొదలైతే వారానికి మూడు నాలుగు ఆటలు. స్కౌట్లు బయటివాళ్లతో మాట్లాడరు, మాట్లాడినా ఏమీ చెప్పరు. ఈవిడకి ఆ బాధ లేదు.

"బంతి ఎక్కడ పడిందో చూశారు. ఎలాంటి బంతిని కొట్టాడో చూశారా?" అంది.

చూడలేదు.

"పిచర్ రెండు బంతులు బయటికి వేసి వెనకబడ్డాడు. గత్యంతరం లేక నడిమధ్యకి ఫాస్ట్‌బాల్ వేశాడు. ఆ బంతి ఇక్కడున్న వాళ్లందరూ కొడతారు. ఇందాక రెండో ఇన్నింగ్స్‌లో ఇదే అబ్బాయి కిందకి, బయటికి జారే స్లైడర్‌కి మూడుసార్లు గాల్లో ఊపాడు. పైన మేజర్ లీగ్‌లో ఆ సంగతి రెండు వారాల్లో అందరికీ తెలిసిపోతుంది. ఇంక నడిమధ్య బంతి ఎవడు వేస్తాడు?"

తర్వాత ఇంకో కుర్రాణ్ని చూపించింది. సన్నగా, ఎడమచేతి బ్యాటర్, మొహం మీద ఇంకా మీసం సరిగా రాలేదు. రెండుసార్లు స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులు పడి అవుట్) అయ్యాడు. మూడోసారి వచ్చాక ఆవిడ నా మోచేయి తట్టి బంతి వదిలెయ్యండి, అతని ముందుకాలు చూడండి అంది. స్లైడర్ వచ్చింది, కాలు కదిలింది, భుజం కదల్లేదు, బ్యాటు ఆగింది. ఫాస్ట్‌బాల్ వచ్చింది, ఫౌల్, తగిలి గీత బయటికి పోయింది. మళ్లీ ఫౌల్. తొమ్మిది బంతులు ఆడించి చివరికి షార్ట్‌స్టాప్ అనే ఫీల్డర్ చేతికి నేలబారుగా కొట్టి అవుటయ్యాడు. ఆవిడ వాచ్ నొక్కి 4.1 అని రాసుకుంది. ముందు వరుసలో నలుగురు కూడా రాసుకున్నారు. హోమ్‌రన్‌కి కదలని మనుషులు అవుటైనవాడి కోసం పెన్నులు తీశారు.

హోమ్‌ప్లేట్ నుంచి ఫస్ట్ బేస్ 90 అడుగులు. కుడిచేతి బ్యాటర్ సుమారు 4.3 సెకన్లలో చేరితే సగటు. ఎడమచేతివాడు బేస్‌కి కాస్త దగ్గరగా నిలబడతాడు కాబట్టి వాడికి 4.2. క్యాచర్ బంతి అందుకుని సెకండ్ బేస్‌కి విసిరి, అక్కడివాడి గ్లవ్‌లో పడేసరికి 2 సెకన్లు అయితే పరవాలేదు, 1.9 లోపైతే అందరూ తలెత్తి చూస్తారు. వీటన్నిటికీ మార్కులు 20 నుంచి 80 దాకా. నూరు లేదు. 50 అంటే మేజర్ లీగ్‌లో సగటు. 30 క్లబ్బులు, క్లబ్బుకి 26 మంది, మొత్తం 780 ఉద్యోగాలు. అందులో సగటువాడు అనిపించుకోవడమంటే మామూలు మాట కాదు. బ్యాటుకి బంతి తగిలించడం, బలం, పరుగు, ఫీల్డింగ్, విసురు, ఐదింటికీ విడివిడిగా వేస్తారు.

నన్ను ఆపేసింది అది కాదు. ఆవిడ పుస్తకంలో ఒక్కో దానికీ రెండు అంకెలున్నాయి. సన్నటి కుర్రాడి బలానికి 30, పక్కన గీత, 50. మొదటిది ఈరోజు ఉన్నది, రెండోది ముందు ముందు వచ్చేది. స్కౌట్లూ ఇలాగే వేస్తారట.

మా జిల్లాలో అండర్-16 క్రికెట్ సెలక్షన్‌కి వెళ్లాను నేను. ఎండలో క్యూలో నాలుగు గంటలు, ప్యాడ్లు ఎవరివో. నెట్స్‌లో ఆరు బంతులు వేశారు. రెండు తగిలాయి, నాలుగు పోయాయి, "నెక్స్ట్" అన్నారు. నాకు క్రికెట్ వచ్చేదని చెప్పడం లేదు, రాదేమో కూడా. కానీ ఆ కుర్చీలో కూర్చున్నాయన ఒక్క అంకె వేసి పంపించాడు, రెండో అంకె అనేది ఒకటుంటుందని ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

ఇన్నిసార్లు చూసి, ఇన్ని రాసుకుని ఎవడు పైకొస్తాడో వీళ్లేమన్నా తప్పు లేకుండా చెబుతారా అంటే అదీ లేదు. 2017లో ఈ లీగ్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) రోనాల్డ్ అకూన్యా, అప్పటికి 19 ఏళ్లు. మరుసటి ఏడాది మేజర్ లీగ్‌లో ఒక సగమైన నేషనల్ లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. 2018 ఎంవీపీ కెస్టన్ హియూరా. 2019లో మిల్వాకీ క్లబ్బు తరఫున దిగి 19 హోమ్‌రన్లు కొట్టాడు, ఆ తర్వాత స్ట్రైకౌట్లు పెరిగి చోటే నిలవలేదు. మైక్ ట్రౌట్ 2011లో 19 ఏళ్లకే మేజర్ లీగ్‌లోకి వెళ్లి 40 ఆటల్లో .220 బ్యాటింగ్ సగటు (వందకి 22 హిట్లు) దగ్గర ఆగాడు. ఆ అక్టోబర్‌లో ఇక్కడికే, స్కాట్స్‌డేల్ జట్టుకి వచ్చి ఆడాడు. 2012లో ఎంత గొప్పగా ఆడాడో ఆట తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

వయసు కూడా ఒక మార్కే, కాగితం మీద వేయరు గానీ. డబుల్-ఏలో పాతికేళ్లవాడు .300 కొట్టడం కన్నా ఇరవై ఏళ్లవాడు .260 కొట్టడం ఎక్కువ విలువ. మైకేల్ జోర్డాన్ 1994లో ఈ ఫాల్ లీగ్‌లోనే .252 కొట్టాడు. బాస్కెట్‌బాల్ నుంచి వచ్చి అంత చేయడం వింతే. కానీ అప్పటికి 31 ఏళ్లు. రెండో అంకెకి చోటెక్కడ?

పిచర్ కుమార్ రాకర్ పేరు నేనే ఎత్తాను. తల్లి లలిత భారతీయ మూలాలున్నావిడ కాబట్టి ఫ్రిస్కోలో అతను పిచింగ్ చేసిన రోజుల్లో మాకు కాస్త హడావిడి ఎక్కువ. పెద్దావిడ అతన్ని 2022లో ఈ మైదానంలోనే చూసిందట. అతని చేతిలో ఏముందన్నది ఎవరూ ఎప్పుడూ అనుమానించలేదు. 2021 డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే చోటు) న్యూయార్క్ మెట్స్ పదో పేరుగా పిలిచి, వైద్య పరీక్షలు చూసి ఒప్పందం చేసుకోకుండా వదిలేసింది. ఏడాది తిరిగేసరికి రేంజర్స్ మూడో పేరుగా తీసుకుంది. 2023లో మోచేతికి ఆపరేషన్. 2024లో మా ఊళ్లో ఆడి, సెప్టెంబర్‌లో మేజర్ లీగ్‌లో మొదటి బంతి వేశాడు. అందరూ స్లైడర్‌ని చూస్తుంటే తలరాత మాత్రం ఎక్స్‌రే గదిలో తేలింది.

అక్టోబర్‌లో ఇంత హడావిడి ఎందుకో కూడా ఆవిడే చెప్పింది. నవంబర్‌లో ప్రతి క్లబ్బూ 40 పేర్ల జాబితా ఖాయం చేయాలి. నాలుగైదేళ్లుగా కింద ఆడుతున్నవాణ్ని ఆ జాబితాలోకి ఎక్కించకపోతే డిసెంబర్‌లో వేరే క్లబ్బు లక్ష డాలర్లు కట్టి ఎత్తుకుపోవచ్చు. ఎత్తుకుపోయినవాళ్లు వాణ్ని మరుసటి సీజనంతా మేజర్ లీగ్ జట్టులోనే ఉంచుకోవాలి, కిందకి పంపాలంటే ముందు పాత యజమానికి తిరిగి ఇవ్వజూపాలి. కాబట్టి ఆ ముందు వరుసల్లో సగంమంది చూస్తున్నది పక్కవాడి సరుకు.

ఇదంతా విని స్కౌట్లంటే ఋషులనుకునేలోపు ఆవిడే నీళ్లు చల్లింది. సిద్ధమైనవాణ్ని కూడా కూర్చోబెడతారు అంది. క్రిస్ బ్రయంట్ సంగతి నాకూ తెలుసు. 2015 స్ప్రింగ్ ట్రైనింగ్‌లో తొమ్మిది హోమ్‌రన్లు కొట్టాడు, అయినా అతని క్లబ్బు చికాగో కబ్స్ సీజన్ మొదట్లో కిందకే పంపి, ఏప్రిల్ 17న పిలిచింది. సర్వీసు, అంటే మేజర్ లీగ్ జట్టులో ఉన్న రోజులు, 172 ఉంటే పూర్తి ఏడాది లెక్క. అతనికి 171 వచ్చాయి. దాంతో ఆటగాడు స్వేచ్ఛగా వేరే క్లబ్బుకి వెళ్లే హక్కు ఒక ఏడాది ఆలస్యమైంది. ఫిర్యాదు చేశాడు, 2020లో ఓడిపోయాడు. ఫీల్డింగ్ ఇంకా మెరుగుపడాలి అన్నది క్లబ్బు వాదన. ఏ స్టాప్‌వాచ్‌కీ అందని మార్కు అది.

ఏడో ఇన్నింగ్స్‌కి నా ధైర్యం పెరిగింది. ఫోన్ తీసి మావాడు బ్యాటింగ్ చేస్తున్న వీడియో ఆవిడ ముందు పెట్టాను. చూడలేదు. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"మీ ఎత్తెంత?"

"ఐదడుగుల ఆరంగుళాలు."

"వాళ్లమ్మ?"

చెప్పాను. పదకొండేళ్లవాడి రెండో అంకె స్వింగ్‌లో ఉండదు, తల్లిదండ్రుల్లో ఉంటుంది అని చెప్పి ఫోన్ నా చేతిలో పెట్టేసింది. నాకు రోషం వచ్చింది. మేజర్ లీగ్ స్టార్ హోసె అల్టూవే కూడా అంతే ఎత్తు కదండీ అన్నాను.

"వెనెజులాలో ట్రయల్స్‌కి వస్తే మొదటి రోజు పొట్టివాడని ఇంటికి పంపించేశారు, తెలుసా? మర్నాడు మళ్లీ వచ్చాడు. పదిహేను వేల డాలర్లకి సంతకం పెట్టించుకున్నారు. మీవాడు మర్నాడు వస్తాడా?"

ట్రాంపోలిన్ పార్కు సంగతి చెప్పలేదు.

ఆట అయ్యాక పుస్తకం సంచిలో పెట్టుకుంటూ, రేపు గ్లెండేల్‌లో ఒక లెఫ్ట్‌హ్యాండ్ పిచర్ వేస్తున్నాడు, కర్వ్‌బాల్ చూడాల్సిందే, వస్తారా అంది. మా ఫ్లైట్ పొద్దున్న ఆరింటికి. పార్కింగ్‌లో ఏసీ వేసుకుని యాప్ తెరిచి నా ఒక్కడి టికెట్ సాయంత్రానికి మార్చి చూశాను. మార్పుకి ఫీజు లేదట, తేడా మాత్రం 140 డాలర్లు. బెల్ రోడ్ మీద అప్పటికే ట్రాఫిక్ మొదలైంది.