హార్న్‌బీ నిఘంటువూ, అబిడ్స్ ఆదివారాలూ

1985లో హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ కాలేజీలో ఎం.ఏ. ఇంగ్లీషులో చేరేనాటికి, డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలోనే చదువుకున్న నా దగ్గర ఒక ఇంగ్లీషు-తెలుగు నిఘంటువూ, కోఠీలో కొన్న నాలుగు గైడ్లూ తప్ప మరేమీ లేవు. గైడ్లను నిందించను, నన్ను పరీక్ష గట్టెక్కించినవి అవే. నాటక కథ, పాత్రల స్వభావం, రాగల ప్రశ్నలు అన్నీ వాటిలో ఉండేవి. లేనిదల్లా నాటకం ఒక్కటే.

ఆ లోటు తీర్చినవి ఆదివారం పూట అబిడ్స్‌లో మూసి ఉన్న దుకాణాల ముందు పరిచే పాత పుస్తకాలు. అక్కడ దొరికిన ఒక షేక్స్‌పియర్ ప్రతిలో మూలం కన్నా వివరణలే ఎక్కువ. ‘స్టిల్’ అంటే ఆ కాలంలో ‘ఎల్లప్పుడూ’ అనీ, ‘ప్రెజెంట్లీ’ అంటే ‘వెంటనే’ అనీ వాటిలో చదివాక, తెలిసిన మాటలే కదా అని నేను ధీమాగా దాటేసిన పంక్తులన్నీ మళ్ళీ వెనక్కి వెళ్ళి చదువుకోవలసివచ్చింది. తెలియని మాటకు నిఘంటువు చూస్తాం గానీ, తెలుసనుకున్న మాటకు చూడం కదా!

అయితే నా ఇంగ్లీషును నిజంగా సరిదిద్దినది అక్కడే కొన్న, అట్ట ఊడిన హార్న్‌బీ నిఘంటువు, అంటే ఎ.ఎస్. హార్న్‌బీ ప్రధానంగా కూర్చిన ఇంగ్లీషు-ఇంగ్లీషు నిఘంటువు. ఆక్స్‌ఫర్డ్ వారు 1948లో ప్రచురించిన ఈ గ్రంథం మొదట 1942లో టోక్యోలో, మనలాగే ఇంగ్లీషును పరాయి భాషగా నేర్చుకునే జపాన్ విద్యార్థుల కోసం వెలువడింది. అందుకే అది అర్థంతో ఆగిపోదు. ఏ క్రియ తర్వాత ఏ నిర్మాణం రావాలో, 25 రకాలుగా విభజించి గుర్తులతో చూపుతుంది. ‘నన్ను వెళ్ళమని సూచించాడు’ అని తెలుగులో అనుకుని ‘హీ సజెస్టెడ్ మీ టు గో’ అని నేను ఏళ్ళ తరబడి రాశాను. ‘సజెస్ట్’ పక్కన ‘టు’తో వచ్చే నిర్మాణం గుర్తు లేదు, ‘దట్’తో మొదలయ్యే ఉపవాక్యమో, ‘గోయింగ్’ వంటి రూపమో రావాలి. తప్పు ఎక్కడ పుట్టిందో అప్పుడు తెలిసింది: వ్యాకరణం రాక కాదు, తెలుగు బాగా వచ్చినందుకు.

ఉచ్చారణ విషయంలో మాకు పొరుగునే ఉన్న సీఫెల్ (ఇంగ్లీషు, విదేశీ భాషల బోధనా సంస్థ) దిక్కు. 1958లో మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఆ సంస్థలో చదివే మిత్రుడొకరు ‘ఫొటోగ్రాఫ్’లో మొదటి అక్షరాన్నీ, ‘ఫొటోగ్రఫర్’లో రెండవదాన్నీ, ‘ఫొటోగ్రాఫిక్’లో మూడవదాన్నీ నొక్కి పలకాలని క్యాంటీన్ బల్ల మీద చరుస్తూ నేర్పాడు. ప్రతి అక్షరాన్నీ సమానంగా పలికే మన నోటికి అది కష్టమే. అమెరికన్ సాహిత్యానికి మాత్రం మేము చాలా అదృష్టవంతులం. 1964లో మా ఉస్మానియా ప్రాంగణంలోనే ఏర్పడిన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ గ్రంథాలయానికి దేశం నలుమూలల నుంచీ పరిశోధకులు వచ్చేవారు.

ఇప్పుడు మూలగ్రంథాలకు కొదవ లేదు. 1971లో ఆరంభమైన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఇంటర్నెట్ గ్రంథాలయంలో హక్కుల గడువు తీరిన పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. అయితే అక్కడ దొరికే షేక్స్‌పియర్‌కు చాలాసార్లు వివరణలు ఉండవు, కనుక మంచి సంపాదకుడు కూర్చిన ప్రతిని పక్కన పెట్టుకోమనే మా అమ్మాయికి చెబుతాను.

హార్న్‌బీ ఇంకా నా బల్ల మీదే ఉంది. ‘సజెస్ట్’ ఉన్న పుట అంచున, నాకన్నా ముందు దాన్ని చదివిన వారెవరో పెన్సిల్‌తో ‘సజెస్టెడ్ మీ టు’ అని రాసుకుని, దాని మీద అడ్డంగా రెండు గీతలు కొట్టి ఉన్నారు.