నాయనమ్మ సమాధికి సున్నం

ప్రతి ఏడాదీ నవంబర్ 2కి ఊరెళ్ళాలనుకుంటాను, ప్రతి ఏడాదీ ఆఫీసులో ఏదో ఒకటి అడ్డం పడుతుంది. 2025లో మాత్రం, పోయినవాళ్ళని తలుచుకునే ఈ ఆత్మల పండుగ ఆదివారం పడింది కాబట్టి సాకు దొరకలేదు. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో బస్సెక్కి, తెల్లారేసరికి నరసరావుపేటలో దిగి, అక్కణ్ణుంచి ఆటో పట్టుకుని ఊరు చేరాను. మొంథా తుపాను తీరం దాటి అప్పటికి నాలుగు రోజులు. దారి పొడవునా పత్తి చేలల్లో నీళ్ళు నిలిచే ఉన్నాయి. ఇంటికెళ్ళగానే అమ్మ కాఫీ ఇచ్చింది, నాన్న కొడవలి ఇచ్చాడు.

మా వైపు కతోలికుల ఇళ్ళల్లో ఈ పండుగకి కొత్త బట్టలుండవు, పిండివంటలుండవు. పని ఉంటుంది, అంతే. సమాధుల తోటకెళ్ళి ఏడాదంతా పెరిగిన కంప, వయ్యారిభామ మొక్కలు కొట్టేసి, సమాధులు కడిగి, సున్నం వేయాలి. సున్నంలో కాస్త నీలిమందు కలపకపోతే నాన్న ఒప్పుకోడు, ఉత్త తెలుపు సరిపోదట, మెరవాలట. మంచి పెయింట్ డబ్బా తెస్తాను నాన్నా, రెండు మూడేళ్ళు చూసుకోనక్కర్లేదు అన్నాను ఒకసారి. ఆయన చూసిన చూపుకి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. చూసుకోనక్కర్లేకపోవడమే ఆయనకి నచ్చని విషయమని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

అప్పటికి నాయనమ్మ పోయి తొమ్మిదేళ్ళు. 2016 సెప్టెంబర్ 4న మదర్ తెరెసాని పునీతురాలిగా, అంటే సెయింట్‌గా, ప్రకటించడం టీవీలో చూసింది, ఆ నెలాఖరుకే పోయింది. ఆ రోజు ఆవిడ గమనించినది ఒక్కటే: ‘‘చూశావంట్రా, మనలాగే చీర కట్టుకుంది.’’ ఆవిడకి తెలిసిన పునీతులందరూ అప్పటిదాకా స్వరూపాలూ పటాలే. అంతోనివారు చేతిలో బాలయేసుతో, జోజప్పగారు, అంటే యోసేపు, లిల్లీ పువ్వుతో. టీవీలో కదిలిన మనిషి, కలకత్తా వీధుల్లో నడిచిన మనిషి, ఆ వరసలోకి వెళ్ళి నిలబడ్డం ఆవిడకి భలే నచ్చింది.

నాయనమ్మది పాత భక్తి. మేమంతా పునీత అంతోనివారు అంటుంటే ఆవిడ చివరిదాకా ‘అర్చ్యశిష్ట’ అంతోనివారు అనే అంది. మంగళవారం వస్తే ఆయనకి ఒక కొవ్వొత్తి, ఇంట్లో తాళంచెవులు పోతే ఇంకో కొవ్వొత్తి. రాత్రి అన్నాలకి ముందు జపమాల తప్పేది కాదు. చివర్లో ఉత్తరించు స్థలంలో, అంటే పరలోకానికి ముందు ఆత్మలు శుద్ధి అయ్యే చోట, ఉన్న ఆత్మల కోసం అని ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం. ఆ ఉత్తరించు స్థలం ఊరికి ఉత్తరాన చెరువు అవతల ఎక్కడో ఉందని నేననుకునేవాణ్ణి. మా తమ్ముడు పోస్టాఫీసు అనుకున్నాడు. మేం ఏం నమ్ముతామో వరసగా చెప్పే విశ్వాస సంగ్రహం అనే జపంలో వచ్చే ‘పునీతుల సంబంధ ప్రయోజనము’ ఇంకా కష్టం, సంబంధం అంటే మా ఇంట్లో వినపడేది పెళ్ళి సంబంధాలే కదా. నవ్వొస్తుంది గానీ, ఇప్పుడాలోచిస్తే మరీ అంత తప్పు కూడా కాదేమో. పోయినవాళ్ళూ మనమూ ఒకే ఇంటివాళ్ళం, రాకపోకలు ఆగలేదు అని చెప్పడానికే కదా ఆ మాట.

మా ఇళ్ళల్లో ఆ చుట్టరికం పేర్లలోనే ఉంటుంది. ఆదివారం సాయంత్రం పూజ సమాధుల తోటలోనే, షామియానా కింద ఒక బల్లే పీఠం. పూజకి ముందు ఉపదేశిగారు, అంటే ఫాదర్ గారికి సాయంగా ఉండి జపాలు నేర్పే ఆయన, చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతారు. ఎవరింటివాళ్ళు వాళ్ళ పేర్లు రాసిస్తారు, ఒక్క పేరు మిస్సయినా ఆయనకి వారం రోజులు ఊళ్ళో తిరగడం కష్టం. రాయప్ప, చిన్నప్ప, శౌరి, ఇన్నయ్య, జోజప్ప, ఆరోగ్యమ్మ, లూర్దమ్మ, మళ్ళీ రాయప్ప, మళ్ళీ చిన్నప్ప. పేతురు అంటే రాయి కాబట్టి రాయప్ప. పౌలుస్ అంటే లాటిన్‌లో చిన్నవాడు కాబట్టి చిన్నప్ప. ఇగ్నేషియస్ ఇన్నయ్య అయ్యాడు. ఫ్రాన్సిస్ జేవియర్‌లోని జేవియర్ తమిళం మీదుగా మన దాకా వచ్చేసరికి శౌరి అయింది. శౌరి అని పేరున్న మా చుట్టాన్ని ఎవరో మీరు వైష్ణవులా అని అడిగారట, ఆయన చాలాసేపు ఆలోచించి, కాదండీ గుణదలకెళ్తాం అన్నాడట. ఈ పేర్లన్నీ 1700ల మొదట్లో తమిళ దేశం వైపు నుంచి వచ్చిన జెస్యూట్ సభ గురువులతో పాటు వచ్చినవి. 1773లో పోపుగారు ఆ సభనే రద్దు చేశాక చాలాచోట్ల గురువులు కరువయ్యారు. పేర్లు మాత్రం తాతల నుంచి మనవలకి అలా నడుచుకుంటూ వచ్చాయి. కాబట్టి ఆత్మల పండుగ రోజు ఆ చదివే లిస్టు వింటుంటే అది మా ఊరి మృతుల జాబితానా, పునీతుల పేర్లు ఒక్కొక్కటే పిలిచే ప్రార్థన మాలికా అని ఒక్కోసారి తేడా తెలీదు.

ఆఫీసులో నాతో పనిచేసే ఒకాయన, మంచి విశ్వాసి, వేరే సంఘం. లంచ్‌లో అడిగాడు, చచ్చిపోయినవాళ్ళతో మాట్లాడ్డం ఏంటి బ్రదర్, వాళ్ళకి వినపడుతుందా అని. నాకు వాదించడం రాదు, వాక్యాలు నంబర్లతో గుర్తుండవు. ఒక్కటే అన్నాను: మీ అమ్మగారికి ఆపరేషన్ అన్నప్పుడు నన్ను ప్రార్థన చేయమన్నారు కదా, నేను చేశాను కదా, రేపు నేను పోతే ఆ పని మానేయాలా? క్రీస్తు లేచాడని మీరూ నమ్ముతారు, నేనూ నమ్ముతాను. లేచినది నిజమైతే ఆయనలో పోయినవాళ్ళు పోయినవాళ్ళు కారు కదా. ఆయన ఒప్పుకోలేదు, నవ్వి పెరుగన్నం కలుపుకున్నాడు. తర్వాత వాళ్ళమ్మగారికి బాగైంది, స్వీట్లు తెచ్చాడు. అంతోనివారికి కొవ్వొత్తి వెలిగించానని మాత్రం చెప్పలేదు.

నిజం చెప్పాలంటే ఆత్మ ఎక్కడో ఉంటుందని నమ్మడం నాకెప్పుడూ కష్టం కాలేదు. కష్టమైందల్లా విశ్వాస సంగ్రహంలో ఆ తర్వాత వచ్చే ‘శరీర ఉత్థానము’, అంటే పోయిన శరీరం తిరిగి లేవడం. శరీరం? ఇదే శరీరమా? మోకాళ్ళ నొప్పులతో, షుగరుతో, చివరి రెండేళ్ళు మంచం మీద ఎముకల గూడైన నాయనమ్మ శరీరమా? డిగ్రీ చదివే రోజుల్లో ఆ ఒక్క వాక్యం దగ్గర నోరు మూసుకునేవాణ్ణి, పక్కన ఎవరూ గమనించరు కాబట్టి.

నాయనమ్మకి ఆ సందేహమే లేదు. ఆవిడకి సువార్తలో అన్నిటికంటే ఇష్టమైన ముచ్చట లూకా చివర్లో వచ్చే చేప. లేచిన ప్రభువు శిష్యుల మధ్యకొచ్చి నిలబడితే వాళ్ళు దయ్యమనుకుని హడలిపోతారు, అప్పుడాయన తినడానికేమైనా ఉందా అని అడుగుతాడు, వాళ్ళు కాల్చిన చేపముక్క ఇస్తే వాళ్ళ ముందే తింటాడు. ‘‘మూడు రోజుల నుంచీ తిండి లేదు మరి, ఆకలెయ్యదా?’’ అనేది. వేదాంతం చదివినవాళ్ళు దీన్ని పది పేజీలు రాస్తారు, ఆవిడకి మాత్రం ఆకలి సరిపోయింది. చనిపోయిన లాజరుని ప్రభువు లేపే కథలో కూడా అంతే, సమాధి రాయి తీయండి అనగానే మార్తమ్మ, ప్రభూ నాలుగు రోజులైంది, వాసనొస్తుంది అంటుంది చూడండి, అక్కడ ఆగి, ‘‘ఇల్లు చూసుకునే మనిషిరా, అలాగే అంటుంది’’ అని మెచ్చుకునేది. మంచం పట్టినప్పుడు మా అమ్మ ఆవిడకి ఒళ్ళు తుడిచి, జడ వేసి, పౌడరు రాసేది. ఎవరు చూస్తారమ్మా అని అమ్మని ఎవరో అంటే, లేచేది ఈ ఒళ్ళే కదా అంది నాయనమ్మ మంచం మీంచి. అది విశ్వాసమో వేళాకోళమో నాకు ఇప్పటికీ తెలీదు.

2025లో ఈస్టర్ ఏప్రిల్ 20న. దాని ముందు రాత్రి చేసే పాస్కా జాగరణకి కూడా ఊళ్ళోనే ఉన్నాను. గుడి బయట చీకట్లో నిప్పు రాజేసి, పాస్కా వత్తి అనే పెద్ద కొవ్వొత్తి మీద 2025 అని ఒక్కో అంకె గీసి, వెలిగించి లోపలికి తీసుకొస్తారు. దాన్నుంచి ఒకరి కొవ్వొత్తి, దాన్నుంచి ఇంకొకరిది. ఫ్యాన్లన్నీ ఆపేస్తారు, ఏప్రిల్‌లో పల్నాడు ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి ఆ రాత్రి గుడిలో మేం ఎంత చెమట కక్కామో చెప్పక్కర్లేదు. తర్వాత పునీతుల ప్రార్థన మాలిక. పేరు పాడతారు, మా కొరకు వేడుకొనండి అంటాం. మళ్ళీ పేరు, మళ్ళీ వేడుకొనండి. మరునాడు కాక ఆ మరునాడు, సోమవారం మధ్యాహ్నం, పోపు ఫ్రాన్సిస్ పోయారని ఫోన్లో మెసేజ్. ముందురోజే బాల్కనీలోంచి ఆశీర్వదించిన మనిషి. ఏప్రిల్ 26న ఆయన అంత్యక్రియల్లో, రోమ్‌లో, లాటిన్‌లో మళ్ళీ అదే మాలిక. టీవీ ముందు కూర్చుని మా అమ్మ తెలుగులోనే జవాబు చెప్పింది.

ఇక్కడ ఒక పక్క మాట. మా తెలుగు నేల మీంచి రోమ్ ప్రకటించిన పునీతులు ఇంకా లేరు. గన్నవరం దగ్గర పెదావుటపల్లిలో 1945 జనవరి 15న చనిపోయిన బ్రదర్ జోసఫ్ తంబి ఉన్నారు, దైవసేవకుడు అనే మొదటి మెట్టు మీద. ఆయన పుట్టింది తెలుగు దేశంలో కాదు, పోయింది మాత్రం ఇక్కడే. ముందు ధన్యుడనాలంటే ఒక అద్భుతం రుజువు కావాలి, పునీతుడనాలంటే ఇంకొకటి. డాక్టర్లు చూడాలి, ఫైళ్ళు కదలాలి. ఏటా జనవరిలో ఆయన సమాధి దగ్గరికి వెళ్ళే జనానికి ఇవేమీ పట్టవు. ‘‘వాళ్ళు తీరిగ్గా చూసుకుంటార్లే, మనకి అర్జెంటు’’ అనేది నాయనమ్మ. తంబిగారి పటం అంతోనివారి పక్కనే పెట్టింది. మన ఆఫీసుల్లో కూడా ఇలాగే, ప్రమోషన్ లెటర్ రాకముందే పనంతా చేయించేసుకుంటారు.

సరే, సమాధుల తోట. రాయకుండా వదిలేద్దామనుకున్నాను, కానీ వదిలేస్తే పైన రాసినదంతా అబద్ధమైపోతుంది.

మా తోట మధ్యలో గోడ ఉంది. నడుమెత్తు గోడ. ఇటు మావాళ్ళు, అటు దళిత కుటుంబాలవాళ్ళు. ఒకే గుడి, ఒకే గురువు, ఒకే పాస్కా వత్తి, ఒకే పేర్లు, ఇటూ రాయప్పే అటూ రాయప్పే. పూజ అయ్యాక ఫాదర్ గారు ఇటు సమాధుల మీద తీర్థం చల్లి, గేటు బయటికెళ్ళి, చుట్టూ తిరిగి, అటు గేట్లోంచి వెళ్ళి అక్కడ చల్లుతారు. చిన్నప్పుడు ఇది నాకు వింతగా కూడా అనిపించలేదు, అదే ఎక్కువ సిగ్గుగా ఉంది ఇప్పుడు. 2022 ఆగస్టులో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోనిగారు కార్డినల్ అయినప్పుడు, మొట్టమొదటి తెలుగు కార్డినల్, మొట్టమొదటి దళిత కార్డినల్, మా ఊళ్ళో టపాకాయలు కాల్చారు, రెండు గేట్లకీ ఫ్లెక్సీలు కట్టారు. మధ్య గోడని ఎవరూ తాకలేదు.

తుపాను తాకింది. వానకి నాని ఇరవై అడుగుల మేర పడిపోయింది. శనివారం కొడవలి పట్టుకుని వెళ్ళేసరికి ఇటుకలన్నీ బురదలో పరుచుకుని ఉన్నాయి. అటువైపు ఒక పెద్దాయన వాళ్ళమ్మ సమాధికి సున్నం వేస్తున్నాడు. ఆయనకి కుంచె ఊడిపోతే మా నాన్న మాది అటు విసిరిచ్చాడు, మాకు నీలిమందు అయిపోతే ఆయన కాగితంలో పొట్లం కట్టి తెచ్చిచ్చాడు. పడిన గోడ మీంచి దాటి వచ్చాడు. ఇద్దరూ నాయనమ్మ సమాధి మీద కూర్చుని చుట్ట కాల్చారు. ఏం మాట్లాడుకున్నారో వినలేదు, పత్తి గురించే అయ్యుంటుంది.

ఆదివారం సాయంత్రం ఫాదర్ గారు ఇటువైపు తీర్థం చల్లుతూ చల్లుతూ ఆ పడిపోయిన చోటికొచ్చారు. ఒక్క క్షణం ఆగారు. గేటు వైపు చూశారు, చెప్పుల వైపు చూసుకున్నారు. తర్వాత అంగీ కాస్త పైకెత్తి పట్టుకుని ఇటుకల మీంచి అటు దాటేశారు. ఆయన వెనక తీర్థం గిన్నె పట్టుకున్న పిల్లాడు, వాడి వెనక కొవ్వొత్తులతో పిల్లలు, పిల్లల వెనక వాళ్ళ అమ్మలు. గాలికి కొవ్వొత్తులు ఆరిపోతుంటే ఎవరి దగ్గర వెలుగుతుంటే వాళ్ళ దగ్గర అంటించుకున్నారు. అటు సమాధుల మీదా బంతిపూలే. ఒకచోట సమాధి మీద బీడీకట్ట, అగ్గిపెట్టె కూడా ఉన్నాయి. ఫాదర్ గారు వాటి మీద కూడా చల్లారు.

మొన్న గురువారం ఊరి గ్రూపులో మెసేజ్ వచ్చింది, గోడ తిరిగి కట్టించాలి, ఇంటికి రెండువేలు అని. కింద అప్పుడే పదిమంది దండాల బొమ్మలు పెట్టారు. రాత్రి నాన్నకి ఫోన్ చేసి, బయటి ప్రహరీకైతే ఇస్తాను, మధ్య గోడకి ఇవ్వను అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘‘ఆయన నీలిమందు పొట్లం ఇంకా మనింట్లోనే ఉండిపోయింది, రేపు ఇచ్చి రావాలి’’ అన్నాడు.